నల్ల కవర్లోంచి తీసి ప్యాకెట్ వెనక చదవండి: ప్యాడ్లలో కెమికల్స్ గురించి మనం చేయగలిగినవి

మాది ఆమదాలవలసలో చిన్న ఫ్యాన్సీ షాపు. గాజులు, రిబ్బన్లు, పిల్లల బొమ్మలు, ఫినాయిలు, అగరబత్తీలు, ప్యాడ్లు అన్నీ ఉంటాయి. పన్నెండేళ్ళ నుంచి ప్యాడ్లు అమ్ముతున్నాను కానీ ఒక్క రోజు కూడా ప్యాకెట్ వెనక ఏం రాసుందో చదివిన పాపాన పోలేదు. ఎవరైనా వచ్చి మగవాళ్ళు వెళ్ళేదాకా గాజులు చూస్తున్నట్టు నిలబడితే నాకు అర్థమైపోతుంది, పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇచ్చేస్తాను, వాళ్ళు ఇంటికెళ్ళి బీరువాలో బట్టల వెనకాల దాస్తారు, ఇంక చదివేదెవరు?

రెండేళ్ళ కిందట ఇంటర్ చదివే ఒక గుంట మధ్యాహ్నం పూట షాపు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చింది, చేతిలో అదే నల్ల కవరు. "అక్కా, ఇవి పెట్టుకుంటే మండిపోతంది, తొడలు ఒరుసుకుపోయి నడవలేపోతన్నాను" అంది. ఎనిమిదిట్లో మూడు మిగిలాయి. మా ఏజెంటు తక్కువ రేటుకి వేసిన సరుకు అది, నాకు ప్యాకెట్‌కి మిగిలేది కూడా బాగుండేదనుకోండి. అప్పుడు మొదటిసారి తిప్పి చూశాను. కంపెనీ పేరు ఉంది, ఊరు లేదు. ఫోన్ నంబర్ ఉంది, వేలు పెట్టి లెక్కపెడితే తొమ్మిది అంకెలే. పైన పెద్ద గులాబీ పువ్వు, "100% సేఫ్" అని. అంతే.

డబ్బులు తిరిగిచ్చేశాను. కానీ ఆ తొమ్మిది అంకెలు మాత్రం బుర్రలోంచి పోలేదు. అప్పట్నుంచి తెలుసుకున్నది, చేసి చూసినది ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు, షాపు దాన్ని.

ముందొక సంగతి. నా షాపులో ప్లాస్టిక్ బొమ్మలు కూడా ఉన్నాయి కదా, 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, ఆ ప్రమాణాల్లో థాలేట్లకి హద్దు కూడా ఉంది. థాలేట్లంటే ప్లాస్టిక్‌ని మెత్తగా వంగేలా చేసే కెమికల్స్, వీటిలో కొన్ని మన ఒంట్లో హార్మోన్ల పనిని గందరగోళం చేస్తాయని చాలా ఏళ్ళుగా చెప్తున్నారు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారని బొమ్మకి హద్దు పెట్టారు, మంచిదే. మరి ప్యాడ్? ఒంట్లో బాగా పల్చటి చర్మానికి, తడిగా, వేడిగా, రోజంతా అంటుకుని ఉండేది. నెలకి పదిహేను వేసుకుంటే ముప్పై అయిదేళ్ళకి 6,300 ప్యాడ్లు, షాపు లెక్క కాబట్టి నాకు వెంటనే వచ్చేసింది. దీనికి ఐఎస్ 5405 అని ఒక ప్రమాణం ఉంది, 1969లో వచ్చింది, 1980లో మార్చారు, మళ్ళీ 2019లో మార్చారు. ఎంత పీలుస్తుంది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా అనే కొలత) ఎంత, క్రిములు ఉన్నాయా అని చూస్తుంది. థాలేట్లకి, ఆవిరయ్యే కెమికల్స్‌కి హద్దులు మాత్రం అందులో పెట్టలేదు.

ఢిల్లీలో టాక్సిక్స్ లింక్ అనే సంస్థ 2022లో మన మార్కెట్లో దొరికే పది రకాల ప్యాడ్లు ల్యాబులో పెట్టి చూసింది. పదింటిలోనూ థాలేట్లు దొరికాయి, పదింటిలోనూ వీఓసీలు, అంటే గాల్లోకి ఆవిరయ్యే కెమికల్స్, ఇవీ దొరికాయి. "ఆర్గానిక్" అని అమ్మేవాటిలో కూడా. ఇది చదివి గాబరాపడి ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ పారేయకండి. దొరికినవి చాలా చిన్న మోతాదులు, దొరికింది అంటే జబ్బు వచ్చేసింది అని కాదు. కానీ ముప్పై అయిదేళ్ళు అంత సున్నితమైన చోట తగిలితే ఎంతవరకు పర్లేదు అన్నది ఎవరో ఒకరు తేల్చి హద్దు గీయాలి కదా, ఆ గీతే లేదు. మా ఉద్దానం వైపు వాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు, కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని ఇన్నేళ్ళకీ తేలలేదు, ఈలోపు జనం అదే ఊళ్ళో అవే నీళ్ళు తాగుతూ ఉన్నారు.

సరే, పనిలోకి వద్దాం. ప్యాకెట్ చదవడం.

ప్యాకెట్ తిప్పి ముందు చిరునామా వెతకండి. ప్యాక్ చేసి అమ్మే ఏ వస్తువు మీదైనా తయారు చేసినవాళ్ళ పేరు, పూర్తి అడ్రసు, ఎన్ని ఉన్నాయి, తయారైన నెల సంవత్సరం, ఎమ్మార్పీ, కంప్లైంట్ చెప్పుకోడానికి ఫోనో మెయిలో ఉండాలని తూనికలు కొలతల శాఖ వాళ్ళ 2011 రూల్స్ ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయడమే, ఇంక లోపల ఏముందో చూడక్కర్లేదు, అడ్రసు రాయడానికి భయపడ్డవాడు లోపల ఏం పెడతాడో మనకెందుకు. ఫోన్ నంబర్ అంకెలు లెక్కపెట్టండి, నవ్వకండి, నేను నా షాపులోనే రెండు రకాలు పట్టుకున్నాను ఇలాగ.

తర్వాత ఐఎస్ఐ మార్కు. బొమ్మ గీసినంత మాత్రాన సరిపోదు, మార్కు పైన ఐఎస్ 5405 అని ఉండాలి, కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉండాలి. ఉతికి వాడే ప్యాడ్లకీ పీరియడ్ ప్యాంటీలకీ వేరే ప్రమాణం, ఐఎస్ 17514. ఫోన్లో బీఐఎస్, అంటే ఈ మార్కు ఇచ్చే కేంద్ర సంస్థ, వాళ్ళ బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని ఆ సీఎం/ఎల్ నంబర్ కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో, నడుస్తోందా లేదా చెప్పేస్తుంది. ఒకసారి కొట్టి చూస్తే ఎంత సులువో తెలుస్తుంది, రీఛార్జి చేసుకోవడం కంటే తక్కువ పని. నేను షాపులో ఉన్న రకాలన్నీ వరసపెట్టి కొడుతుంటే మా అత్త, "ఏటే, ఆ ప్యాకెట్లు ముందరేసుకుని కూసున్నావు, మగోళ్ళొచ్చే టైము" అని కసురుకుంది. తర్వాత ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని నంబర్లు చదివిపెట్టింది, నాకు ఆ చిన్న అక్షరాలు ఆనలేదు మరి.

ఐఎస్ఐ మార్కు లేకపోతే దొంగ సరుకేనా అంటే, అక్కడ కొంచెం తిరకాసు ఉంది. ఇన్నేళ్ళూ ఈ ప్రమాణం ఇష్టముంటే పాటించేదే. 2023లో కేంద్ర జౌళి శాఖ మెడికల్ టెక్స్‌టైల్స్ క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ అని తెచ్చి ప్యాడ్లకీ డైపర్లకీ తప్పనిసరి చేస్తామంది, అమలు తేదీలు జరుగుతూ వచ్చాయి, చిన్న తయారీదారులకి, మహిళా సంఘాలకి సడలింపులు పెట్టారు. కాబట్టి మార్కు లేని ప్రతి ప్యాకెట్టూ తప్పు అని నేను అనను, మార్కు ఉన్నదానికి మాత్రం అడగడానికి ఒక మనిషీ ఒక నంబరూ ఉంటాయి. అలాగని మార్కు ఉంటే థాలేట్లు లేవని కాదు, పైన చెప్పాను కదా, ఆ ప్రమాణం అది చూడదు.

ఇక లోపల పదార్థాల జాబితా కోసం వెతుకుతారు, చాలా ప్యాకెట్ల మీద దొరకదు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉప్పు ఎంతో రాస్తారు, షాంపూ మీద ఇరవై పేర్లు రాస్తారు, ప్యాడ్ మీద "కాటనీ సాఫ్ట్" అని రాస్తారు. కాటనీ అంటే కాటన్ అని కాదు, కాటన్ లాగా ఉంటుంది అని! మామూలు ప్యాడ్‌లో పై పొర ప్లాస్టిక్ దారాలతో చేసిన నాన్‌వోవెన్ గుడ్డ, మధ్యలో చెక్క గుజ్జు, దాంతో పాటు నీళ్ళు తగిలితే జెల్ అయిపోయే పొడి, కింద ప్లాస్టిక్ షీటు, ఇవన్నీ పట్టి ఉంచడానికి జిగురు. చెక్క గుజ్జు తెల్లగా రావడానికి బ్లీచ్ చేస్తారు, పాతకాలంలో నేరుగా క్లోరిన్ వాడేవారు, దాని వల్ల డయాక్సిన్లు అనే విషపు కెమికల్స్ తయారవుతాయని తెలిశాక చాలా మంది వేరే పద్ధతులకి మారారు. మీ ప్యాకెట్ వాడు మారాడా లేదా? అది ప్యాకెట్ చెప్పదు, అడగాలి.

ఇది మన దేశానికే ఉన్న గోల కూడా కాదు. దక్షిణ కొరియాలో 2017లో ప్యాడ్లలో వీఓసీల గురించి ఆడవాళ్ళు పెద్ద గొడవ చేస్తే 2018 అక్టోబర్ నుంచి పదార్థాలన్నీ ప్యాకెట్ మీద రాయాల్సిందే అన్నారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో అలాంటి చట్టమే చేసింది, తర్వాత కాలిఫోర్నియా. వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2024లో ఇంకో అడుగు వేసి కొన్ని కెమికల్స్ అసలు వాడకూడదనే చట్టం చేసింది, అందులో పీఫాస్ ఉంది, నాన్‌స్టిక్ పెనాలకి, తడవని గుడ్డలకి వాడే రకం. అదే 2024లో బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళు ముప్పై టాంపాన్లు (ప్యాడ్ బదులు లోపల పెట్టుకునేవి) పరీక్షించి లోహాలు చూస్తే సీసం అన్నిటిలోనూ ఉంది, ఆర్సెనిక్ అయితే ఆర్గానిక్ వాటిలోనే ఎక్కువ ఉంది. మన వైపు టాంపాన్లు వాడేవాళ్ళు తక్కువే, ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆర్గానిక్ అనే మాట చూసి రెండింతలు డబ్బులు పెట్టేవాళ్ళ కోసం.

కొనేటప్పుడు నేనిప్పుడు చెప్పే మాటలు ఇవి. సెంటు వాసన ఉన్నవి వద్దు. సువాసన అనే ఒక్క మాట వెనక ఎన్ని కెమికల్స్ ఉన్నాయో ఎవరూ రాయరు, దురదలు, మంటలకి అదో కారణం, పైగా రక్తానికి మల్లెపువ్వు వాసన ఎందుకో నాకెప్పటికీ అర్థం కాదు. రంగురంగుల చుక్కలు, పువ్వులు అచ్చేసిన పై పొర కంటే తెల్లదే మేలు. ఇంక ఇంటింటికీ తిరిగి చెయిన్ స్కీములో అమ్మే "అయాన్ చిప్" ప్యాడ్లు, మధ్యలో ఆకుపచ్చ గీత ఉంటుంది చూడండి, అవి కడుపునొప్పి దగ్గర్నుంచి పిల్లలు పుట్టకపోవడం దాకా అన్నీ తగ్గిస్తాయంటారు. వాళ్ళు మామూలు ప్యాడ్‌ని అగ్గిపుల్లతో కాల్చి నల్లపొగ చూపించి భయపెడతారు, ప్లాస్టిక్ కాలిస్తే నల్లపొగ కాక మరేం వస్తుంది? 2018లో కొరియాలోనే అయాన్ పరుపుల్లో మోనజైట్ పొడి కలిపారని, దాంతో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తోందని పరుపులు వెనక్కి తీసుకున్నారు. మోనజైట్ మనకి తెలియంది కాదు, మన కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో ఉండే ఖనిజమే. అయాన్ అని వినగానే నేను రెండడుగులు వెనక్కి వేస్తాను.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది, పాత 1980 ప్రమాణంలోంచి తీసుకున్నది. సూది లేని సిరంజి గానీ దగ్గు మందు మూత గానీ తీసుకుని 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కొంచెం కుంకుమ కలిపి, ప్యాడ్ మధ్యలో నెమ్మదిగా పోయండి, నిమిషానికి 15 మిల్లీలీటర్ల లెక్కన, అంటే రెండు నిమిషాలు. తర్వాత కిలో ఉప్పు ప్యాకెట్ ఒక నిమిషం పైన పెట్టి తీసి, కింద, పక్కల తడి వచ్చిందేమో చూడండి. ఆ తొమ్మిదంకెల ప్యాడ్‌కి చేస్తే పక్కల నుంచి కారి మా కౌంటర్ మీద పరిచిన పేపరు ఎర్రగా అయిపోయింది, చింపి చూస్తే లోపల గుజ్జు ఒక పక్కకి ఉండ కట్టేసి ఉంది, రెండో పక్క ఉత్త ప్లాస్టిక్కే. ఈ పరీక్ష కెమికల్స్ గురించి ఏమీ చెప్పదు, అది ల్యాబు పని. కానీ పీల్చడంలోనే మోసం చేసినవాడు మిగతావాటిలో నిజాయితీగా ఉంటాడని నేను అనుకోను.

షాపులవాళ్ళకి ఒక మాట, ఇది నా తప్పు కూడా కాబట్టి చెప్తున్నాను. ప్యాడ్ల అట్టపెట్టెని ఎక్కడ పెట్టేదాన్నంటే ఫినాయిల్ సీసాలకి, కలరా ఉండలకి మధ్యలో, రేకుల కప్పు కింద. కలరా ఉండల ఘాటు ప్యాడ్లకి పట్టేసేది, నేనేమో అది ప్యాడ్ సెంటు అనుకునేదాన్ని. కలరా ఉండ వాసనంటేనే ఆవిరైపోయే కెమికల్. ఇప్పుడు విడిగా, పొడిగా ఉండే పై అరలో పెడుతున్నాను. మీరు కూడా బీరువాలో చీరల మధ్య కలరా ఉండల పక్కన ప్యాడ్లు దాచకండి.

మంట, దురద, దద్దుర్లు వస్తే ఏం చెయ్యాలి? ఆ రకం వెంటనే మానేయండి. డెట్టాల్ వేసి కడగడం, పౌడర్ జల్లడం చేయకండి, మామూలు నీళ్ళు చాలు. తడి వల్ల, వేడి వల్ల కూడా ఒరుసుకుపోతుంది, అందుకని నాలుగైదు గంటలకోసారి మారుస్తున్నారో లేదో చూసుకోండి, ఎండాకాలంలో పలాస జీడిపిక్కల బట్టీల్లో, జూట్ మిల్లుల్లో షిఫ్టంతా నిలబడేవాళ్ళకి మార్చుకునే చోటే ఉండదు, అది వేరే కథ. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము, జ్వరం, చెడు వాసన ఉన్నా పీహెచ్‌సీకో లేడీ డాక్టర్ దగ్గరికో వెళ్ళండి, ఆశా కార్యకర్తని అడిగినా తీసుకెళ్తుంది. వెళ్ళేటప్పుడు ప్యాకెట్ పట్టుకెళ్ళండి, చీటీలో ఏ రకం ప్యాడ్ వాడాక వచ్చిందో రాయమని అడగండి. మొహమాటపడకండి, ఆ ఒక్క లైను తర్వాత ఎంత పనికొస్తుందో!

మిగిలిన ప్యాడ్లు పారేయొద్దు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, కోపం వచ్చి మొత్తం చెత్తలో పడేస్తారు, తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. వాడనివి ప్యాకెట్‌తో సహా ఒక కవర్లో కట్టి ఉంచండి, బ్యాచ్ నంబర్ కనపడేలా ఫోటో తీయండి, బిల్లు ఉంటే బిల్లు ఫోటో. బిల్లు అడగండి, పదిహేను రూపాయలదైనా సరే, నేను అమ్మేదాన్నయి ఉండి చెప్తున్నాను.

ఇప్పుడు కంపెనీకి రాయడం. ప్యాకెట్ మీద ఉన్న మెయిల్‌కి తెలుగులో రాసినా పర్లేదు. నేను రాసింది దాదాపు ఇలా ఉంది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"అయ్యా, మీ ఫలానా ప్యాడ్లు, బ్యాచ్ నంబర్ ఇంత, ఫలానా తేదీన కొన్నాను. వాడిన రెండో రోజు మంట, దద్దుర్లు వచ్చాయి. నాకు ఈ నాలుగు విషయాలు రాతపూర్వకంగా చెప్పండి. ఒకటి, ఈ ప్యాడ్‌లో పొర పొరకీ ఏ పదార్థం వాడారు, జిగురుతో సహా. రెండు, సెంటు వాడితే అందులో ఏమేం ఉన్నాయి. మూడు, గుజ్జుని ఏ పద్ధతిలో బ్లీచ్ చేశారు. నాలుగు, థాలేట్లు, వీఓసీలు, పీఫాస్ కోసం ఏ ల్యాబులో ఎప్పుడు పరీక్ష చేయించారు, రిపోర్టు కాపీ పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ చేస్తాను."

నేను మూడు కంపెనీలకి ఇలాంటిది రాశాను. ఒకళ్ళు అసలు పలకలేదు. ఒకళ్ళు మా ప్రొడక్ట్ పూర్తిగా సేఫ్ అని ఒక పేరా రాసి, కింద డిస్కౌంట్ కూపన్ పెట్టారు. నాకు కూపన్ ఎందుకు, నేను హోల్‌సేల్లో కొంటాను కదా! మూడో వాళ్ళు మాత్రం పొరల పేర్లన్నీ రాశారు, బ్లీచింగ్ గురించి రాశారు, థాలేట్ల పరీక్ష చేయించలేదని ఒప్పుకున్నారు. లేదని ఒప్పుకున్నందుకే వాళ్ళ సరుకు ఇప్పుడు నా షాపులో ముందు వరసలో పెట్టాను.

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. డాకెట్ నంబర్ అని మీ కంప్లైంట్‌కి ఒక నంబర్ ఇస్తారు, అది రాసుకోండి. ఐఎస్ఐ మార్కు ఉండి సరుకు బాగోకపోతే, లేదా మార్కు దొంగదని అనుమానం ఉంటే, బీఐఎస్ కేర్ యాప్‌లోనే కంప్లైంట్ పెట్టొచ్చు, వాళ్ళ బ్రాంచి ఆఫీసు మనకి విశాఖపట్నంలో ఉంది. అడ్రసు, ఎమ్మార్పీ లాంటివి లేకపోతే అది తూనికలు కొలతల శాఖ పని. డాక్టర్ ఖర్చులు అయ్యాయి, నష్టపరిహారం కావాలి అంటే జిల్లా వినియోగదారుల కమిషన్, శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది, కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపయితే కేసు ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. కాగితం మీద పెట్టనిదే ఏ ఆఫీసులోనూ లెక్కలోకి రాదు. షాపు దగ్గర నిలబడి తిట్టుకున్నవి నేను పన్నెండేళ్ళుగా విన్నాను, ఒక్కటీ కాగితం ఎక్కలేదు.

బడిలో ఇచ్చే ప్యాడ్ల సంగతి వేరు, అక్కడ పిల్లలు ఎంచుకోరు, ఇచ్చింది తీసుకుంటారు. మన రాష్ట్రంలో 2021 అక్టోబర్లో స్వేచ్ఛ అని మొదలుపెట్టి 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఉచితంగా ఇస్తామన్నారు. మంచి పథకం, మా మేనకోడలు కూడా తీసుకుంది. ఇలాంటి ఏ సరఫరా అయినా, కొన్నది జనం డబ్బుతో కాబట్టి అడిగే హక్కు ఉంది. సమాచార హక్కు కింద జిల్లా విద్యాశాఖకి పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, మండలంలో అయితే ఐదు, గ్రామ స్థాయిలో అయితే ఫీజే లేదు. అందులో "ప్యాడ్లు బాగున్నాయా" అని అడక్కండి, బాగున్నాయి అని రాసి పంపేస్తారు. టెండర్‌లో ఏ ప్రమాణం అడిగారు, వచ్చిన ఏ బ్యాచ్‌లకి ల్యాబ్ రిపోర్టులు ఉన్నాయి, ఆ కాపీలు ఇవ్వండి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

డ్వాక్రా సంఘాలవాళ్ళకి ఇంకా బలం ఉంది. ఒక్కళ్ళం అడిగితే కంపెనీ కూపన్ పంపుతుంది, పది సంఘాలు కలిసి నెలకి వెయ్యి ప్యాకెట్లు తీసుకుంటాం, ముందు పరీక్ష రిపోర్టు పంపు అంటే వాడే ఫోన్ చేస్తాడు. రూపాయికి ఒక ప్యాడ్ కావాలంటే జన ఔషధి కేంద్రాల్లో 2019 నుంచి ఆ రేటుకి సువిధ ప్యాడ్లు ఉన్నాయి, అవి కూడా తిప్పి చదివే కొనండి.

గుడ్డ వాడేవాళ్ళు నామోషీ పడక్కర్లేదు, మా అమ్మమ్మది పొందూరు, అరిగిపోయిన ఖద్దరు పంచెలు చింపి వాడేది, రంగు లేదు, సెంటు లేదు, ప్లాస్టిక్ లేదు. కాకపోతే గుడ్డకి కూడా రంగుంటే అనుమానమే, అజో అనే రకం రంగుల్లో కొన్ని ఒంటికి మంచివి కావని మన దేశం 1997 నాటికే 112 రకాలు నిషేధించింది, అయినా రంగు దిగే గుడ్డ వద్దు. తెల్ల కాటన్, చన్నీళ్ళలో రక్తం పోయేదాకా నానబెట్టి, సబ్బు అంతా పోయేలా జాడించి, ఎండలో ఆరెయ్యాలి. ఆ ఎండ దగ్గరే మనోళ్ళు ఆగిపోతారు, ఎవరైనా చూస్తారని చీర కిందో మంచం కిందో ఆరేస్తారు, శ్రావణ భాద్రపదాల్లో మన గాలి తేమకి అవి మూడు రోజులైనా ఆరవు, ఆరని గుడ్డ పెట్టుకుంటే కెమికల్ లేకుండానే జబ్బు. వానల్లో ఇస్త్రీ పెట్టండి. ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే కప్పు వాడేవాళ్ళు మెడికల్ గ్రేడ్ సిలికాన్ అని రాసుందో చూసి, ప్రతి నెలా మరిగించి వాడండి.

వాడేసిన ప్యాడ్లు పెరట్లో ఆకులతో కలిపి కాల్చకండి, ప్లాస్టిక్ ఓపెన్‌గా కాలిస్తే ఆ పొగలో డయాక్సిన్లు వస్తాయి. చుట్టి విడిగా చెత్తబండికి ఇవ్వండి. పారేయడానికి కంపెనీయే కవర్ ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ రూల్స్‌లోనే పెట్టారు, మీ ప్యాకెట్‌లో కవర్లు లేకపోతే ఉత్తరంలో ఐదో ప్రశ్నగా అది కూడా రాసేయండి.

అసలు ప్రమాణమే మార్పించాలంటే? అది మనవల్ల కాదు అనుకోకండి. బీఐఎస్ వాళ్ళు ఏ ప్రమాణం మార్చినా ముందు డ్రాఫ్ట్ ఆన్‌లైన్లో పెట్టి ఎవరైనా అభిప్రాయం రాయొచ్చంటారు, ఐఎస్ 5405 కూడా ఫ్రీగా దించుకుని చదువుకోవచ్చు. ఈ ప్యాడ్ల సంగతి చూసే కమిటీ పేరు టీఎక్స్‌డీ 36. దానికి, జౌళి శాఖకి, మీ ఎంపీకి ఒకే ఉత్తరం మూడు కాపీలు పంపండి, రెండే రెండు అడగండి: పదార్థాల జాబితా ప్యాకెట్ మీద తప్పనిసరి, థాలేట్లకీ వీఓసీలకీ పీఫాస్‌కీ హద్దు. ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఉన్నప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కూడా పార్లమెంటులో దాని గురించి మాట్లాడారు, దేశమంతా ఆడవాళ్ళు అడిగారు, 2018 జులైలో తీసేశారు. పన్ను తగ్గించమని అడగగలిగినవాళ్ళం లోపలేముందో చెప్పమని అడగలేమా!

ఆ తొమ్మిదంకెల ప్యాకెట్లు నా దగ్గర అప్పటికి ఆరు మిగిలితే ఏజెంటుకి తిరిగిచ్చేశాను, మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు, అదే గులాబీ పువ్వు, పేరు మారింది, ఈసారి అడ్రసు ఉంది, ఫోన్ పది అంకెలు. అతని ముందే ఆ నంబర్‌కి కొట్టాను, స్విచాఫ్. "సరే బాబూ, సరుకు వెయ్యి, జీఎస్టీ నంబరున్న కంపెనీ బిల్లు ఇస్తావా" అన్నాను. "రేపు తెస్తాను మేడమ్" అని సంచి సర్దుకుని ఎల్లిపోనాడు, మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. ఇప్పుడెవరైనా వచ్చి సైగ చేస్తే ప్యాకెట్ తిప్పి వెనక వైపు పైకి పెట్టి ఇస్తున్నాను. నల్ల కవరు అడిగినవాళ్ళకి ఇస్తాను, ముందు ఒక ఫోటో తీసుకోమంటాను.